పొద్దున నీళ్లెత్తే మోటారు మధ్యాహ్నం మొండికేస్తోంది (చేదబావి, 1 హెచ్‌పీ)

బత్తాయితోట, మర్రిగూడ:

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఇంటి వెనక తాతల నాటి చేదబావి ఉంది, రాతికట్టు. తాగడానికి భగీరథ నల్లా వస్తోంది కాబట్టి బావినీళ్లు వాడుకకు, బర్రెలకు, పెరట్లో ఉన్న బత్తాయి చెట్లకు. బావి పక్కన సిమెంటు దిమ్మె మీద 1 హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ (పైపులో గాలిని తనే తీసేసి నీళ్లెత్తుకునే రకం) మోనోబ్లాక్ మోటారు ఉంది. సింగిల్ ఫేజ్. ప్లేటు మీద సక్షన్ (కింది నుంచి నీళ్లు గుంజే ఎత్తు) 6 మీటర్లు అని రాసి ఉంది. ఇంచు పీవీసీ పైపు బావి గోడ ఎక్కి లోపలికి దిగుతుంది, చివర నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఇత్తడి ఫుట్‌వాల్వ్. డెలివరీ కూడా ఇంచు పైపే, మిద్దె మీది ట్యాంకుకు పోతుంది.

చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. ఉగాది దాటినప్పటి నుంచి మొదలైంది. పొద్దున్నే స్విచ్ వేస్తే కాసేపు గరగరమని తర్వాత నీళ్లు ఎత్తుకుంటుంది. అప్పుడు ట్యాంకు నింపుకుంటాం. మధ్యాహ్నం బర్రెలకు నీళ్లు పెట్టాలని మళ్లీ వేస్తే ఎంతసేపు తిరిగినా ట్యాంకు దగ్గర గాలి చప్పుడే తప్ప చుక్క రాదు. మూత తీసి చెంబుతో నీళ్లు పోసి వేస్తే ఒకసారి భుస్సుమని కక్కి మళ్లీ గాలే. మోటారు ఒళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది.

ఊరి ప్లంబర్ ఫుట్‌వాల్వ్ మార్చమన్నాడు, మార్చాం. కరెంటు పని చేసే అతను కండెన్సర్ వీకైంది అన్నాడు, అదీ కొత్తది వేశాం. తేడా రాలేదు. షాపతను "నీళ్లు కిందికి పోయినయ్, ఒకటిన్నర హెచ్‌పీ తీసుకపో" అంటున్నాడు. మా నాన్నేమో ఏకంగా బోరు వేద్దామంటున్నాడు. అసలు ఎండలు ఇంకా ముందున్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది. మోటారు పోయినట్టా? పొద్దున ఎత్తుకున్నది మధ్యాహ్నానికి ఎందుకు ఎత్తుకోదు అన్నదే నాకు అంతుపట్టడం లేదు.

హాలియా కాలువగట్టు:

బ్రదర్, ముందు ఓల్టేజీ చూడండి. వ్యవసాయ మోటార్లన్నీ నడిచే టైములో మా ఇంట్లో ఫ్యాన్ కూడా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఓల్టేజీ పడితే మోటారు స్పీడు తగ్గుతుంది, స్పీడు తగ్గితే గుంజుడు తగ్గుతుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్లను పిలిచి మోటారు నడుస్తుండగా టెర్మినల్ దగ్గర కొలిపించండి, మెయిన్ బోర్డు దగ్గర కాదు. ఇంటి నుంచి బావి దాకా సన్న వైరు లాగి ఉంటే దారిలోనే కొంత పోతుంది.

ఇంతకు మించి నాకు తెలియదు. మాది సాగర్ ఎడమ కాలువ కింద, బావుల్లో నీళ్లు పైపైనే ఉంటాయి. మీ వైపు తిప్పలు మాకు లేవు.

జడ్చర్ల వైండింగ్:

తమ్ముడూ, ఒకటిన్నర హెచ్‌పీ కొనకు. ఆ డబ్బులు జేబులోనే ఉంచుకుని ముందు ఒక తాడు, ఒక రాయి తీసుకో.

నాకు జడ్చర్లలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఇట్లాంటి మోటార్లు ఆటోల్లో ఎక్కి వస్తూనే ఉంటాయి. బెంచి మీద పెట్టి, పైపు బకెట్లో ముంచి వేస్తే బ్రహ్మాండంగా ఎత్తుకుంటాయి. తెచ్చినాయన నన్ను అనుమానంగా చూస్తాడు. "మోటారు బాగానే ఉంది, రోగం మీ ఇంటి దగ్గర పైపులో ఉండిపోయింది" అంటే నమ్మడు. ఏదో ఒకటి మార్చి బిల్లు రాస్తేనే తృప్తి. నీకు ఫుట్‌వాల్వ్, కండెన్సర్ మార్చినవాళ్లు కూడా అంతే, మోటారును చూశారు గానీ బావిని చూడలేదు. కండెన్సర్ వీకైతే మోటారు స్టార్టు కాకుండా మూలుగుతుంది, లేదా మెల్లగా స్పీడందుకుంటుంది. నీది ఫుల్ స్పీడులో తిరుగుతోంది. మరి కండెన్సర్‌ను అనడమెందుకు?

మోటారు నీళ్లను గుంజుతుంది అంటాం గానీ, అది చేసేది పైపులో ఉన్న గాలిని బయటికి పంపడం ఒక్కటే. పైపు ఖాళీ అయిన కొద్దీ బావిలో నీళ్ల మీద పడుతున్న బయటి గాలి బరువు నీళ్లను పైపులోకి తోస్తుంది. సముద్రం ఒడ్డున ఆ బరువు 34 అడుగుల నీళ్లను నిలబెడుతుంది. మన నల్లగొండ, పాలమూరు గడ్డ 400, 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 32 అడుగులే. అది కూడా పైపులో గాలి అన్నదే లేకుండా చేయగలిగితే. ఇంటి మోటారుకు అంత శక్తి లేదు, అందుకే కంపెనీవాడు 6 మీటర్ల దగ్గర, అంటే 20 అడుగుల దగ్గర గీత గీశాడు. హెచ్‌పీ పెంచితే బయటి గాలి బరువు పెరగదు కదా! ఎక్కువ హెచ్‌పీ పనికొచ్చేది మోటారు దాటాక, నీళ్లను మిద్దె మీదికి నెట్టడానికి. నీ మిద్దెకు ఈ మోటారు చాలు. పైగా పెద్ద మోటారు అదే ఇంచు పైపులో ఎక్కువ నీళ్లు తీయబోతే రాపిడి పెరిగి ఉన్నది కూడా పోతుంది.

కాబట్టి నీ దగ్గరున్నది 20 అడుగుల ఖాతా. దాంట్లోంచి ఎవరెవరు ఎంత తింటున్నారో లెక్క రాసుకోవాలి. పైపు రాపిడి కొంత తింటుంది. ఫుట్‌వాల్వ్ జల్లెడ మీద నాచు పట్టి ఉంటే అది కొంత. జాయింట్లో గాలి దూరుతుంటే అది చాలా. కేసింగ్‌లో, అంటే పంపు డొల్లలో, నీళ్లు వేడెక్కితే అది కూడా తింటుంది. ఇది చాలామందికి తెలియదు. సెల్ఫ్ ప్రైమింగ్ పంపు కేసింగ్‌లో కొన్ని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. ఇంపెల్లర్, అంటే లోపల తిరిగే రెక్కల చక్రం, ఆ నీళ్లలోకి సక్షన్ గాలిని కలిపి తోస్తుంది, గాలి డెలివరీలోకి పోతుంది, నీళ్లు మళ్లీ కిందికి వచ్చి ఇంకాస్త గాలి పట్టుకుంటాయి. ఎత్తుకోకుండా అట్లా తిరుగుతూనే ఉంటే ఆ గిద్దెడు నీళ్లు కాగుతాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆవిరై ఆ ఖాళీని నింపేస్తాయి, వ్యాక్యూమ్ నిలవదు. అందుకే ఒకసారి ఎత్తుకోలేదంటే అవే నీళ్లతో మళ్లీ మళ్లీ తిప్పకు. ఆపి, చల్లారనిచ్చి, ఆ వేడినీళ్లు తీసేసి, కుండలోని చల్లటి నీళ్లు పొయ్యి. లేకపోతే లోపల ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్ కాలిపోతుంది, దాన్ని చల్లబరిచేది ఆ నీళ్లే. అప్పుడు నిజంగానే నా షాపుకు రావాల్సి వస్తుంది.

ఇప్పుడు నువ్వు రాసిన దాంట్లో నాకు దొరికిన మాట. "పైపు బావి గోడ ఎక్కి లోపలికి దిగుతుంది" అన్నావు. అంటే మోటారు కింద ఉంది, పైపు దానికంటే పైకి లేచి, వంగి, బావిలోకి పోతోంది. పైపుకు గూని ఉందన్నమాట. నీళ్లు మోటారు మూతిలోకి రావాలంటే ముందు ఆ గూని శిఖరం ఎక్కాలి. కాబట్టి నీ లోతు కొలవాల్సింది మోటారు దగ్గర నుంచి కాదు, గూని పైనుంచి. ఇంకో నష్టం, ఎత్తుకున్నాక కూడా నీళ్లలోంచి విడిపోయిన గాలి ఆ శిఖరంలో చేరి కూర్చుంటుంది. సక్షన్ పైపు బావి నుంచి మోటారు దాకా మెల్లగా ఎక్కుతూ రావాలి, ఎక్కడా దిగకూడదు. మోటారు బిగించినవాళ్లకు ఇది తెలియక కాదు, గోడకు బొక్క కొట్టే ఓపిక లేక చేస్తారు.

ఇవి చూసి చెప్పు. పొద్దున మోటారు వేసే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తాడుకు రాయి కట్టి వదిలి నీళ్లు ఎంత కిందున్నాయో కొలువు. గూని మోటారు మూతి కంటే ఎంత ఎత్తో కొలువు. ఆ తర్వాత మిద్దె ఎక్కి డెలివరీ పైపులో పైనుంచి నిండా నీళ్లు పొయ్యి. మోటారు దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను వెనక్కి రానివ్వనిది) ఉంటే ముందు దాన్ని తీసెయ్యి. ఆ నీళ్ల బరువంతా వెనక్కి సక్షన్ పైపు మీద పడుతుంది. మోటారు నడుస్తున్నప్పుడు సక్షన్ జాయింటు కారదు, లోపలికి గాలి పీలుస్తుంది కాబట్టి బయటికి పొడిగా కనిపిస్తుంది. వెనక నుంచి బరువు పెట్టినప్పుడే దొంగ బయటపడతాడు. ఒక అరగంట వదిలేసి ప్రతి జాయింటునూ పొడిబట్టతో తుడిచి చూడు. బావి లోపల ఉన్న సాకెట్లు కనపడాలంటే చిన్న అద్దం తీసుకుని ఎండను లోపలికి కొట్టు, టార్చి కంటే బాగా కనిపిస్తుంది. పైన పోసిన నీళ్లు దిగిపోతూ ఉండి, జాయింట్లన్నీ పొడిగా ఉంటే ఫుట్‌వాల్వ్ కారుతున్నట్టు. కొత్తదని నమ్మకు, చిన్న రాయి ముక్క ఇరుక్కున్నా మూసుకోదు.

స్విచ్ తీసి, ప్లగ్గు ఊడదీసి ఇవన్నీ చెయ్యి. తడి చేతులతో చెయ్యొద్దు. దిమ్మెకు ఎర్తు ఉందా?

నాగర్‌కర్నూల్ టీచర్:

జడ్చర్ల అన్న చెప్పిన దానికి ఒక్క మాట కలుపుతాను. మాది బావి కాదు, సంపు. మోటారు నుంచి నీళ్లకు లోతు మనిషెత్తు కూడా ఉండదు, అయినా పోయిన ఎండాకాలం ఇట్లాగే సతాయించింది. మా ప్లంబర్ మంచి పని చేశాడు. మోటారు మూతి ముందు పైపు కోసి, అక్కడ జానెడు మందపాటి పారదర్శక పైపు ముక్క పెట్టి క్లిప్పులు బిగించాడు. లోపల బుడగలు వస్తున్నాయా లేదా కంటికి కనిపిస్తుంది. బుడగలు లేవు, నీళ్లు గాజులాగా ఉన్నాయి, కానీ డెలివరీలో మాత్రం గాలి. అంటే గాలి దూరేది ఆ ముక్క దాటాక. చూస్తే మనం నీళ్లు పోసే మూత కింద రబ్బరు వాషర్ ఎండి పగిలింది. దాంతోనే పోయింది.

ఇక్కడే ఇంకో సంగతి అడగొచ్చా? మా వీధిలో కొందరు భగీరథ నల్లాకే డైరెక్టుగా మోటారు బిగిస్తున్నారు. దానికి ప్రైమింగ్ బాధ ఉండదు, అందులో తప్పేముంది అంటున్నారు.

జడ్చర్ల వైండింగ్:

మేడం, వాషర్ సంగతి బాగా గుర్తు చేశారు. తమ్ముడూ, ఆ మూత వాషర్ కూడా చూడు. రోజూ చెంబుతో పోయడానికి విప్పి బిగించి అదే ముందు పోతుంది.

నల్లాకు మోటారు బిగించడం తప్పే. పక్కింటివాళ్లకు నీళ్లు రావన్నది ఒక సంగతి. రెండోది ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదే. భూమిలో ఉన్న నల్లా పైపుకు ఎక్కడో సన్న పగులు ఉంటుంది. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు నీళ్లు బయటికి కారతాయి, నష్టమే గానీ ప్రమాదం లేదు. మోటారు పెట్టి గుంజితే లోపల ప్రెషర్ పడిపోయి, అదే పగులులోంచి బయటి మురికి లోపలికి వస్తుంది. పక్కన మోరీ పోతుంటే ఏం వస్తుందో మీకే తెలుసు. నల్లా నీళ్లు సంపులోకి వాటంతటవి పడనిచ్చి, సంపు నుంచి మోటారు పెట్టుకోవడమే పద్ధతి.

బత్తాయితోట, మర్రిగూడ:

అన్నా, చెప్పినవన్నీ చేశాను. మా నాన్న ముందు నవ్వాడు గానీ, అద్దం పట్టుకుని ఎండ కొట్టింది ఆయనే.

పొద్దున నీళ్లు మోటారు మూతి నుంచి 15 అడుగుల కింద ఉన్నాయి. ట్యాంకు నింపాక మధ్యాహ్నం కొలిస్తే పదిహేడున్నర. రాత్రంతా ఊట ఊరి పైకి వస్తోంది, మేం తోడగానే దిగుతోంది. గూని ఎత్తు మూతి మీద రెండున్నర అడుగులు. అంటే పొద్దున పదిహేడున్నర, మధ్యాహ్నం సరిగ్గా 20. మీ ఖాతా లెక్కలో మధ్యాహ్నానికి సున్నా మిగిలింది! నాకు అంతుపట్టనిది ఇదేనన్నమాట.

ఓల్టేజీ మోటారు దగ్గరే కొలిపించాం, 215 ఉంది. హాలియా అన్నా, దాని గురించి దిగులు లేదు.

పైనుంచి డెలివరీలో నీళ్లు పోశాం. నీళ్లు నిలిచాయి, ఫుట్‌వాల్వ్ బాగానే ఉన్నట్టుంది. బావి లోపలి సాకెట్లు పొడిగా ఉన్నాయి. కానీ మోటారు మూతిలోకి పైపు బిగించే పీవీసీ మరలు ఉన్న ముక్క దగ్గర చెమ్మ కనిపించింది. తుడిచి చూస్తే మళ్లీ వచ్చింది, చుక్కగా కారేంత లేదు. ఆ మరల చుట్టూ ఇంతకుముందే తెల్ల గార గీతలా పట్టి ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాం, సున్నం అంటిందేమో అనుకున్నాం.

మూత వాషర్ మెత్తగానే ఉంది. ఎర్తు ఉంది.

జడ్చర్ల వైండింగ్:

ఆ తెల్ల గీతే సాక్ష్యం. మీ వైపు నీళ్లు ఎక్కడ చెమరిస్తే అక్కడ ఆరిపోయి గార వదిలి పోతాయి. మోటారు ఆగి ఉన్నప్పుడు అక్కడ నీళ్లు బయటికి వచ్చాయి. నడుస్తున్నప్పుడు అదే దారిలో గాలి లోపలికి పోయింది.

అక్కడే ఎందుకు వదులైందంటే, ఇనుప కేసింగ్‌లో ప్లాస్టిక్ మరలు. ఎండకు పీవీసీ ఇనుము కంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. బావి నుంచి మోటారు దాకా ఎండలో పరిచిన పైపు ఎంతుంది? 15 అడుగులు ఉందనుకుంటే, తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నం ఎండకూ మధ్య దాదాపు సెంటీమీటరు తేడా వస్తుంది. ఆ సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? రెండు పక్కలా బిగించి ఉంటే మోటారు మూతి దగ్గరే నెడుతుంది. రోజూ నెట్టి, రోజూ వెనక్కి లాగి మరలు వదులవుతాయి.

చేయాల్సింది ఇది. ఆ పీవీసీ ముక్క తీసేసి మోటారు మూతిలో జీఐ నిప్పల్ (రెండు చివరలా మరలున్న పొట్టి ఇనుప పైపు ముక్క) పెట్టు. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కుకే చుట్టు, దండిగా చుట్టు, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. దాని తర్వాత ఒక యూనియన్ పెట్టు, రేపు విప్పాల్సి వస్తే పైపు కోయక్కర్లేదు. పైన ఎం-సీల్ పూసి చేతులు దులుపుకోవద్దు. ఎండకు అది కూడా విడుస్తుంది, పైగా కింద లీకు కనపడకుండా దాస్తుంది. సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి బైండింగ్ వైరు బిగించే వైద్యం డెలివరీ పైపుకు పనికొస్తుంది గానీ సక్షన్‌కు నమ్మొద్దు.

బిగించాక మోటారు నడుస్తుండగా సబ్బు నురగ ఆ జాయింటు మీద దట్టంగా పెట్టి చూడు. నురగ ఎక్కడన్నా లోపలికి గుంటపడితే ఇంకా గాలి పోతున్నట్టే.

గూని సంగతి మాత్రం వదలొద్దు. గోడకు మోటారు మూతి ఎత్తు కంటే కొంచెం కిందుగా బొక్క కొట్టించు, పైపు నేరుగా రావాలి. రెండున్నర అడుగులు నీ ఖాతాలోకి తిరిగి వస్తాయి. కొత్త మోటారు కొన్నా అన్ని అడుగులు రావు. పాత రాతికట్టు కాబట్టి మేస్త్రీని పిలిచి చేయించు, సుత్తితో మీరే మొదలుపెట్టొద్దు. ఆ ఎండలో పరిచిన పైపు మీద గడ్డో, పాత గోనెసంచో కప్పు.

హాలియా కాలువగట్టు:

జడ్చర్ల అన్నా, ఒక డౌటు. మోటారు నిజంగానే అరిగిందా, లేక పైపే తప్పా అని ఇంట్లో తేల్చుకునే మార్గం ఉందా? బకెట్లో ముంచి చూస్తే అన్నీ ఎత్తుకుంటాయని మీరే అన్నారు.

జడ్చర్ల వైండింగ్:

మంచి ప్రశ్న. బకెట్ పరీక్షలో ఎత్తు అడుగో రెండడుగులో, దాంట్లో అరిగిన పంపు కూడా పాసవుతుంది. సక్షన్ మూతి దగ్గర వ్యాక్యూమ్ గేజు పెడితే తెలుస్తుంది. గేజు 0 నుంచి 760 దాకా ఉంటుంది, పాదరసం మిల్లీమీటర్లలో. ఒక్కో అడుగు నీళ్లకు సుమారు 22 మిల్లీమీటర్లు పడుతుంది, కాబట్టి 20 అడుగులు ఎత్తాలంటే ముల్లు 450 దగ్గరికి రావాలి. సక్షన్ పైపు విప్పి, గేజు బిగించిన మూతిని పూర్తిగా మూసి, కేసింగ్‌లో నీళ్లు పోసి కాసేపు మాత్రమే నడుపు. అప్పుడు కూడా ముల్లు 250, 300 దగ్గరే ఆగిపోతే పంపు లోపల అరిగింది. ఇసుక నీళ్లు తోడిన మోటార్లలో ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య సందు పెరిగి ఇట్లా అవుతుంది. ముల్లు బాగా లేచి, పైపు తగిలించగానే పడిపోతే పైపులో గాలి. పైపు తగిలించాక ముల్లు ఉండాల్సిన దానికంటే పైకి లేచి, నీళ్లు మాత్రం సన్నగా వస్తుంటే కింద జల్లెడ మూసుకుపోయింది. ఒక్క గేజుతో మూడు రోగాలు తేలతాయి. ప్రతి ప్లంబర్ సంచిలో ఉండాల్సిన వస్తువు ఇది, ఒక్కరి దగ్గరా కనపడదు.

మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లకు ఇంకోటి. ఫుట్‌వాల్వ్ తీసినప్పుడు రెక్క కూర్చునే చోట తెల్ల గార ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, గీత పడితే ఇక ఎప్పటికీ మూసుకోదు. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అది నీళ్లలో కలిపి రాత్రి నానెయ్యండి. నురగొచ్చి మెత్తబడుతుంది, పొద్దున పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది.

బత్తాయితోట, మర్రిగూడ:

అన్నా, పని అయిపోయింది. మేస్త్రీ రెండు రాళ్ల మధ్య సందు చూసి అక్కడే బొక్క చేశాడు, రాయి పగలగొట్టే పని పడలేదు. జీఐ నిప్పల్, యూనియన్ పెట్టాం. నురగ పరీక్ష కూడా చేశాం, ఎక్కడా గుంటపడలేదు. నిన్న, ఇవాళ మిట్ట మధ్యాహ్నం వేసినా చెంబు అవసరం లేకుండా ఎత్తుకుంది. పైన నీళ్లు కూడా ఇంతకుముందు కంటే జోరుగా పడుతున్నాయి. షాపతనికి ఫోన్ చేసి చెప్తే "ఇంకో నెల చూడు" అన్నాడు.

ఆ మాట నిజమే కదా అని భయం. మే నెలలో మా బావి ఇంకా దిగుతుంది. అప్పుడు ఏం చేయాలి? బావిలో ఏడెనిమిది అడుగుల కింద, మనిషి నిలబడేంత రాతి గట్టు ఒకటి ఉంది. మోటారును దాని మీదికి దించితే?

జడ్చర్ల వైండింగ్:

షాపతను చెప్పిందాంట్లో సగం నిజం. నీళ్లు దిగుతాయి, కానీ దానికి మందు హెచ్‌పీ కాదు.

మధ్యాహ్నం కొలత పదిహేడు, పద్దెనిమిది దగ్గర ఉన్నంతకాలం ఏమీ చేయకు. 20కి దగ్గరపడితే గట్టు మీదికి దించడం మంచి ఆలోచనే, పాతకాలం వాళ్లు చేసిందే అది. మోటారు గుంజడంలో బలహీనం గానీ నెట్టడంలో బలమైనది. ఎనిమిది అడుగులు దించితే పైకి నెట్టే ఎత్తు ఎనిమిది పెరుగుతుంది, నీ 1 హెచ్‌పీకి అది లెక్క కాదు. ప్లేటు మీద టోటల్ హెడ్ (గుంజే ఎత్తు, నెట్టే ఎత్తు కలిపి) ఎంతుందో మాత్రం చూసుకో. కష్టం ఎక్కడంటే, వానాకాలంలో నీళ్లు పైకి వస్తే మోటారు మునుగుతుంది. తొలకరి పడగానే పైకి తీసే ఓపిక ఉండాలి. అది లేకపోతే ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్ తీసుకో. నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ప్రైమింగ్ అన్న మాటే లేదు. బోరు మోటారు కొనకు, అది సన్నటి బోరులో నీళ్లు పక్కనుంచి ఒరుసుకుంటూ పోయి చల్లబడేట్టు చేసింది.

బావిలోకి దిగే ముందు ఒక జాగ్రత్త. వాడకుండా వదిలేసిన బావుల్లో అడుగున గాలి చెడి ఉంటుంది. ఒంటరిగా దిగొద్దు, పైన ఇద్దరుండి నడుముకు తాడు పట్టుకోవాలి. మధ్యలో కళ్లు తిరిగినట్టుంటే ఆ క్షణమే పైకి రావాలి. కరెంటు లేదని పెట్రోలు ఇంజను లోపలికి దించి నడిపేవాళ్లు ఉన్నారు, దాని పొగకు మనుషులు పోతారు.

హాలియా కాలువగట్టు:

బత్తాయితోట బ్రదర్, గోడకు కొట్టిన బొక్కలో పైపు చుట్టూ సందు మూశారా? లేకపోతే వానాకాలంలో తొండలు, పాములు అందులోంచే బావిలోకి పోతాయి.

బత్తాయితోట, మర్రిగూడ:

ఇంకా లేదన్నా. రేపు సిమెంటు పెట్టి మూసేద్దామనుకుంటున్నాం.

జడ్చర్ల వైండింగ్:

పైపుకు ఆనుకుని సిమెంటు పెట్టొద్దు. పైపు సాగుతుందని అంత చెప్పాను కదా, గోడలో బిగిస్తే మళ్లీ మోటారు మూతినే నెడుతుంది. రెండించుల పైపు ముక్క గోడ మందానికి సరిపడా కోసి, దాన్ని బొక్కలో పెట్టి దాని చుట్టూ సిమెంటు చెయ్యి. మన ఇంచు పైపు దాని లోపలినుంచి పోవాలి. ఆ ముక్కలోంచి దూర్చాలంటే పైపు ఒకసారి విప్పాల్సి వస్తుంది, యూనియన్ పెట్టావు కాబట్టి కోసే పని లేదు. రెండు పైపుల మధ్య సందులో పాత గోనె గట్టిగా కుక్కితే పాములు రావు. మళ్లీ బిగించాక నురగ పరీక్ష ఇంకోసారి చెయ్యి.